‘పడలేదు’ అన్న మాట ఎక్కడికి పోతోంది?

నాన్న కింది పెదవి మీద, కుడి చివర, శనగగింజంత నల్లమచ్చ ఉంది. పుట్టుమచ్చ కాదు. మొదటిసారి వచ్చినప్పుడు పొద్దున్నే పెదవి మండుతోందన్నాడు. మధ్యాహ్నానికి ఎర్రగా కంది పొక్కింది. నాలుగు రోజులకు పొక్కు ఎండి, పొట్టు రాలి, కింద నలుపు మిగిలింది. “వేడి చేసింది” అన్నాడు. అమ్మ సబ్జా గింజలు నానబెట్టింది, బార్లీ కాచింది. వారం పాటు ఆవకాయ జాడీ భోజనాల దగ్గరికి రాలేదు.

ఏడాది తిరిగాక మళ్లీ వచ్చింది. అదే చోట. మళ్లీ సబ్జా, మళ్లీ బార్లీ. ఈసారి నలుపు ఇంకాస్త ముదిరింది.

మూడోసారి పొక్కినప్పుడు పూతమందు ఏదైనా తెచ్చుకుందామని వీధి చివర మందుల షాపుకు వెళ్లాడు. పక్కన నేనున్నాను. కౌంటర్ వెనక అమ్మాయి ఫార్మసీ చదువు ముగించి ఏడాది అయిందేమో. ట్యూబు కోసం చెయ్యి చాపి ఆగింది.

“పోయినసారి కూడా ఇక్కడే వచ్చిందా బాబాయిగారూ?”

“ఇక్కడేనమ్మా. ఎప్పుడు వేడి చేసినా ఇక్కడే పొక్కుతుంది.”

“దానికి ముందు మందులేమైనా వేసుకున్నారా?”

“మందా? ఏం లేదమ్మా. మొన్న పెళ్లి భోజనం తేడా చేస్తే విరేచనాలకి రెండు గోళీలు వేసుకున్నాను. అంతే.”

ఆ గోళీలు కొన్నది ఆ షాపులోనే. చీటీ లేకుండానే ఇచ్చారు. స్ట్రిప్పు కత్తిరించి రెండే ఇచ్చారు గనక, పేరున్న ముక్క నాన్న దగ్గర లేదు. ఆ అమ్మాయి బిల్లుల్లో వెతికి పేరు పట్టుకుంది. నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన బిళ్ళ. అంతకుముందు రెండుసార్లు పొక్కినప్పుడూ కడుపు పాడైందా అని అడిగింది. నాన్న కాసేపు ఆలోచించాడు. పాడైంది. రెండుసార్లూ ఇలాంటి గోళీలే వేసుకున్నాడు.

పూతమందు ఇవ్వలేదు. చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లమంది. ఆయన చూడగానే ‘ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్’ అన్నాడు. ఒంటికి సరిపడని మందు వేసుకున్న ప్రతిసారీ, మొదట మచ్చ వచ్చిన చోటే కొన్ని గంటల్లోపు మళ్లీ పొక్కడం దీని లక్షణం. ఆ చోట చర్మంలో రోగనిరోధక కణాలు ఆ మందును గుర్తుపెట్టుకుని కాపు కాస్తాయి. మందు రక్తంలోకి రాగానే రేగుతాయి. పెదవులు, మర్మాంగాలు వీటికి ఇష్టమైన చోట్లు. తెలియక మళ్లీ మళ్లీ వేసుకుంటే మచ్చల సంఖ్య పెరగవచ్చు. టినిడజోలే కారణం కావచ్చని, దాని కుటుంబానికే చెందిన మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ జోలికి కూడా వెళ్లొద్దని ఆయన చెప్పాడు.

చర్మ వైద్యుడి మాట చెప్పడానికి నాన్న మళ్లీ షాపుకు వెళ్లాడు. ఆ అమ్మాయి సొరుగులోంచి ఒక ఫారం తీసింది. పేరు రాయలేదు, పొడి అక్షరాలు రాసుకుంది. వయసు, మచ్చ ఎప్పుడు వచ్చింది, ఏ మందు, ఎన్ని బిళ్ళలు, బ్యాచ్ నంబరు, ఇప్పుడెలా ఉంది. అంతా పది నిమిషాల పని. ఇరవై ఏళ్లుగా మందులు కొంటున్న నేను అలాంటి కాగితం ఒకటుందని ఆ రోజే చూశాను.

మన మాటలోనే ఉంది

వంకాయ పడదు. చన్నీళ్లు పడవు. ఆ ఊరి నీళ్లు పడలేదు. మందు గురించి కూడా అలాగే అంటాం: “ఆ గోళీ నాకు పడలేదు.” ఈ మాట ఎంత బాగుంటుందో అంత ఇబ్బంది పెడుతుంది. అందులో లోపం మందు మీదికి పోదు, మన ఒంటి మీదికి వస్తుంది. నాకు పడలేదంటే ఇంకొకరికి పడుతుందనే అర్థం. మిగిలిన బిళ్ళలు గూట్లో పడేస్తాం, లేదా పక్కింటివాళ్లకు ఇచ్చేస్తాం. సంగతి అక్కడితో ముగుస్తుంది.

‘వేడి’ ఇంకా పెద్ద ముసుగు. నోరు పూస్తే వేడి, మూత్రం మండితే వేడి, ముక్కు వెంట రక్తం కారితే వేడి, ఒళ్లంతా దద్దుర్లొస్తే వేడి. మన పెద్దవాళ్ల అనుభవాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. సబ్జా, మజ్జిగ ఒంటికి మంచివే. కానీ ‘వేడి’ అన్న తరవాత మనం కారణం వెతకడం మానేస్తాం. ముందురోజు ఏం మింగామో గుర్తుచేసుకోం. చాలామందికి మందుల షాపులో నేరుగా కొన్న గోళీ మందు కిందికే రాదు. నాన్న చెప్పిన “ఏం లేదమ్మా, రెండు గోళీలు” అన్న మాట రోజూ వేల కౌంటర్ల ముందు వినిపించేదే.

మామూలు మోతాదులో వాడినా మందు వల్ల అనుకోకుండా జరిగే హానిని వైద్యులు ‘అడ్వర్స్ డ్రగ్ రియాక్షన్’ అంటారు. వాటిలో కొన్ని ముందే ఊహించగలిగినవి. షుగరు గోళీ వేసుకుని అన్నం మానేస్తే చెమటలు పట్టి కళ్లు తిరగడం లాంటివి మందు చేసే పనిలోంచే పుడతాయి. కొన్ని ఎవరికి వస్తాయో చెప్పలేం. నాన్న మచ్చ ఆ రెండో తెగది. దాన్ని పట్టుకోవడానికి ఒకటే దారి: జరిగినప్పుడు ఎవరో ఒకరు గమనించాలి, రాయాలి.

కాగితం ఎంత దూరం పోతుంది?

మన దేశంలో మందుల దుష్ప్రభావాల మీద నిఘాకు ‘ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా’ 2010 జులైలో మొదలైంది. మొదట ఢిల్లీ ఎయిమ్స్ దాన్ని నడిపింది. 2011 ఏప్రిల్ నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ జాతీయ కేంద్రంగా పనిచేస్తోంది. దేశమంతటా వైద్య కళాశాలల్లో, పెద్ద ఆసుపత్రుల్లో వందల పర్యవేక్షణ కేంద్రాలున్నాయి. ఊళ్లో ఫార్మసిస్టు నింపిన ఫారం దగ్గర్లోని కేంద్రానికి చేరుతుంది. అక్కడివాళ్లు వివరాలు సరిచూసి, మందుకూ జరిగిన హానికీ సంబంధం ఎంతవరకు ఉండవచ్చో తూచి, జాతీయ కేంద్రానికి పంపుతారు. అక్కడి నుంచి స్వీడన్‌లోని ఉప్సలా పర్యవేక్షణ కేంద్రానికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో మొదలుపెట్టిన అంతర్జాతీయ నిఘాకు సంబంధించిన సమాచార భాండాగారం ఉన్నది అక్కడే. 1998లో మన దేశం అందులో చేరింది.

ఒక్క కాగితం ఏమీ తేల్చదు. అలాంటివి పది వేర్వేరు ఊళ్ల నుంచి వస్తే నిపుణులు తలెత్తి చూస్తారు. ఇలా పోగుపడ్డ అనుమానాన్ని వాళ్లు ‘సిగ్నల్’ అంటారు. 2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనమిక్ ఆమ్లం గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు, జ్వరానికి పిల్లలు విరివిగా వాడే మందు అది. దాని వల్ల కొందరిలో ‘డ్రెస్’ అనే తీవ్రమైన స్థితి రావచ్చని, జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపు, లోపలి అవయవాలకు దెబ్బ కనిపిస్తాయని, డాక్టర్లు, రోగులు కనిపెట్టి ఉండాలని చెప్పింది. మందును నిషేధించలేదు, కనిపెట్టి ఉండమంది. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టింది? దేశంలో ఎవరెవరో నింపిన ఫారాల నుంచే. డ్రెస్ సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల తరవాత బయటపడుతుంది. అప్పటికి గోళీ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ముడి వేసి ఉండకపోతే ఆ హెచ్చరిక వచ్చేది కాదు.

బజారులోకి వచ్చేముందే మందుల్ని పరీక్షించరా అని అడగవచ్చు. పరీక్షిస్తారు. కానీ లెక్క చూడండి. పదివేల మందిలో ఒకరికి వచ్చే దుష్ప్రభావాన్ని దాదాపు కచ్చితంగా ఒక్కసారైనా చూడాలంటే సుమారు 30 వేల మందికి ఆ మందు ఇచ్చి చూడాలి. చాలా మందులు కొన్ని వేల మంది మీద పరీక్షించాకే అనుమతి పొందుతాయి. ఆ పరీక్షల్లో గర్భిణులను, పండు ముసలివాళ్లను, నాలుగు జబ్బులకు తొమ్మిది మందులు వాడేవాళ్లను సాధారణంగా తీసుకోరు. మన ఇళ్లలో మందులు వాడేది ఎక్కువగా ఈ చివరివాళ్లే. బీపీకి ఒకటి, షుగరుకు రెండు, మోకాళ్లకు ఒకటి, గ్యాసుకు ఒకటి, పైన ఎవరో ఇచ్చిన పసరు. ఈ కలయికను ఏ కంపెనీ ప్రయోగశాలా ముందుగా చూసి ఉండదు. మందుకు అసలు పరీక్ష మా అమ్మమ్మ ఒంట్లోనే జరుగుతుంది.

థాలిడోమైడ్ పేరు వినే ఉంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా వచ్చింది. వేవిళ్లకు కూడా గర్భిణులు వాడారు. పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో జర్మనీలో పిల్లల వైద్యుడు విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో ప్రసూతి వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ ఎవరికి వారు అనుమానించారు. మెక్‌బ్రైడ్ లాన్సెట్ పత్రికకు రాసిన ఉత్తరం కొద్ది వరుసలే. తను చూసింది చెప్పి, మీలో ఇంకెవరైనా ఇలాంటివి చూశారా అని తోటి వైద్యుల్ని అడిగాడు. ఈ నిఘా వ్యవస్థలన్నీ ఆ ప్రశ్న చుట్టూ కట్టినవే. బ్రిటన్ 1964లో ‘ఎల్లో కార్డ్’ పథకం పెట్టింది. అక్కడ కూడా ఆసుపత్రి ఫార్మసిస్టులకు 1997లో, వీధిలోని మందుల షాపు ఫార్మసిస్టులకు 1999లో మాత్రమే ఆ కార్డు నింపే వీలు దొరికింది. రోగులకు 2005లో. మందు చేతికిచ్చే మనిషిని అడగాలని తోచడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది.

పరదేశం లెక్కలు మనకు సరిపోవు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ సంగతి తీసుకోండి. కొందరిలో అది ‘స్టీవెన్స్–జాన్సన్’ అనే భయంకరమైన స్థితిని తెస్తుంది. చర్మం కాలినట్టు ఊడుతుంది, నోరు, కళ్లు పుండ్లవుతాయి. ఒక ప్రత్యేక జన్యువు ఉన్నవాళ్లకు ఈ ముప్పు చాలా ఎక్కువని 2004లో తైవాన్ పరిశోధకులు కనిపెట్టారు. ఆ జన్యువు యూరప్ వాళ్లలో అరుదు, ఆసియాలో పలుచోట్ల ఎక్కువ. తెల్లవాళ్ల మీదే చూసి ఉంటే అది ఎప్పటికి తెలిసేదో. మనవాళ్లకు ఏ మందు ఎలా పడుతుందో మన ఊళ్ల నుంచే రాయాలి.

కౌంటర్ మీద మోచేతులు

డాక్టరు దగ్గర మనిషి మూడు నిమిషాలుంటాడు. కాస్త బెదురుతో, అడిగినదానికే జవాబు చెబుతాడు. మందుల షాపు కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డప్పుడు మాట వేరు. “మొన్న ఇచ్చింది వేసుకుంటే గుండె దడదడలాడింది.” “కాళ్లు నీరు పట్టాయి.” “కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.” “నోరంతా పూసింది, ఏదైనా ఇవ్వు బాబూ.” ఎవరూ అడగకుండానే వచ్చే మాటలివి. డాక్టరుకు ఫోన్ చేయడానికి మొహమాటపడేవాళ్లు ఫార్మసిస్టు దగ్గర మొహమాటపడరు.

ఇంకో సంగతి. ఒక ఇంట్లో వాళ్లు ఎముకల డాక్టరు దగ్గర ఒక చీటీ, గుండె డాక్టరు దగ్గర ఒకటి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంకొకటి రాయించుకుంటారు. ఆ ముగ్గురూ ఒకరి చీటీ ఒకరు చూడరు. మూడు చీటీలూ వచ్చి చేరేది ఒకే కౌంటర్ మీదికి.

మా పిన్నికి బీపీకి ఎనాలప్రిల్ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పొడిదగ్గు పట్టుకుంది. ఒక సిరప్పు, ఇంకో సిరప్పు, యాంటీబయాటిక్ కోర్సు, ఛాతీ ఎక్స్‌రే, ఆఖరికి కళ్లె పరీక్ష. ఆ తరగతి బీపీ మందులకు పొడిదగ్గు బాగా తెలిసిన దుష్ప్రభావం. వేరే రకం గోళీకి మార్చాక రెండు వారాల్లో దగ్గు పోయింది. ఆ మూడు నెలలూ ఆమె సిరప్పులు, బీపీ బిళ్ళలు ఒకే షాపులో, ఒకే బిల్లు మీద కొన్నది. ఆ బిల్లు కొట్టే మనిషికి “ఈ దగ్గు ఎప్పటి నుంచి? బీపీ గోళీ మొదలుపెట్టాకనా?” అని అడిగే తీరిక ఉండి ఉంటే చాలు. ఆమ్లోడిపైన్‌కు చీలమండలు వాచి, ఆ వాపుకు నీరుపోయే గోళీ రాయించుకుని, దాంతో నీరసం వచ్చి టానిక్ తాగేవాళ్లు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. మందు వెనక మందు పోతూ ఉంటుంది. మొదటిదాన్ని ఎవరూ నిలదీయరు.

వాంతులకు మెటోక్లోప్రమైడ్ వేసుకున్న కుర్రవాళ్లలో కొందరికి మెడ ఒక పక్కకు మెలితిరిగి, కనుగుడ్లు పైకి పోతాయి, నాలుక బయటికి వస్తుంది. చూసినవాళ్లు హడలిపోతారు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి పరిగెత్తిన కుటుంబాలున్నాయి. అది మందు వల్ల వచ్చిందని తెలిసిన డాక్టరు చేతిలో ఒక సూదిమందుతో కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. “నిన్న వాంతులకేమైనా గోళీ వేశారా?” అన్న ఒక్క ప్రశ్న పిల్లను వేపమండల నుంచి ఆసుపత్రికి మళ్లిస్తుంది.

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. చీటీ సరిగా చదవకో, చెప్పింది వినపడకో కొందరు రోజూ వేసుకుంటారు. కొన్నాళ్లకు నోరు పూస్తుంది. అన్నం ముద్ద పోదు. లోపల రక్తకణాలు పడిపోతుంటాయి. ఆ మనిషి నేరుగా ఆసుపత్రికి పోడు. వేడి చేసిందనుకుని, మందుల షాపుకొచ్చి నోటిపూతకు జెల్లో, బి-కాంప్లెక్సో అడుగుతాడు. చాలామంది విషయంలో ప్రాణం నిలబడే ఆఖరి ప్రశ్న అక్కడే, ఆ కౌంటర్ దగ్గరే అడగాలి. జెల్ ఇచ్చి ఇరవై రూపాయల చిల్లర తిరిగిస్తే ఆ ప్రశ్న పోయినట్టే. ఇలా వాడకంలో జరిగిన పొరపాటు వల్ల హాని కలిగినా ఫారంలో రాయవచ్చు, రాయాలి కూడా. ఎందుకంటే ఒకే పొరపాటు పది ఊళ్లలో జరుగుతుంటే అది రోగి అజాగ్రత్త అని తోసేయలేం. డబ్బా మీది అక్షరాలో, చీటీ రాసే పద్ధతో మార్చుకోవాలి.

నిజానికి ఫార్మసిస్టు చేతికి రాయడం కొత్త కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, క్షయ మందులు, మత్తు కలిగించే మందులు అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు పక్కనే ఇంకో కాగితాల కట్ట ఉంచడం పెద్ద పని కాదు.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు

ఈ కథనంలో నాకు అన్నింటికన్నా బాధ కలిగించే సంగతి ఇది. ప్రపంచంలో మందుల దుష్ప్రభావాల సమాచారాన్ని చదివి, సరిచూసి, నమోదు చేసే పని పెద్ద ఎత్తున జరిగే నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పెద్ద పెద్ద ఔషధ కంపెనీల భద్రతా విభాగాలు, వాటికి పని చేసిపెట్టే సంస్థలు అక్కడున్నాయి. బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ, 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. చదివిన వేలాది తెలుగు పిల్లలకు అది ఉపాధి. అమెరికాలో ఎవరో పెద్దావిడకు కొత్త మందుతో దురద పుట్టిందని ఫోన్ చేస్తే, ఆ సంగతి గుంటూరు, ఖమ్మం, కర్నూలు నుంచి వెళ్లిన పిల్లల తెర మీదికి వస్తుంది. తీవ్రమైనది, అంతకుముందు తెలియనిది అయితే అక్కడి ప్రభుత్వానికి 15 రోజుల్లోపు చేరాలి. వీళ్లు గడియారం చూసుకుంటూ పనిచేస్తారు. ప్రతి లక్షణానికీ ‘మెడ్‌డ్రా’ అనే అంతర్జాతీయ వైద్యపదాల నిఘంటువులో సరైన మాట వెతికి కూర్చుతారు.

అంత నేర్పున్న పిల్ల సెలవుకు ఊరికి వస్తుంది. వాళ్ల నాయనమ్మ “ఆ గోళీ పడలేదే, ఒళ్లంతా మంటలు” అంటుంది. ఊళ్లో ఆ మాటను కాగితం మీద పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

మెడ్‌డ్రాలో ‘వేడి చేసింది’ అన్న మాట లేదు. ‘నోరు పూసింది’, ‘తిమ్మిర్లెక్కాయి’, ‘గుబులుగా ఉంది’, ‘ఒళ్లు తూలుతోంది’ కూడా ఉండవు. ఈ మాటల్ని విని, విడదీసి, రెండు ప్రశ్నలడిగి, ఫారంలో పట్టే మాటగా మార్చే మనిషి కావాలి. ‘గుబులు’ అంటే గుండె దడా, మనసులో దిగులా, కడుపులో తిప్పుడా అన్నది గోదావరి జిల్లాలో ఒకలా, పాలమూరులో ఒకలా తేల్చుకోవాలి. ఆ పని కంప్యూటరు చేయదు, ఘజియాబాద్‌లో కూర్చున్న అధికారీ చేయలేడు. మన వీధి ఫార్మసిస్టుకు ఆ రెండు భాషలూ వచ్చు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రాయకపోవడానికి కారణాలు

దుష్ప్రభావాలు తక్కువగా నమోదు కావడం మన ఒక్కరి జబ్బు కాదు. 12 దేశాల్లోని 37 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్ష ఒకటుంది. జరిగిన వందలో సగటున 94 నమోదుకు రావడం లేదని అది తేల్చింది. అయినా మన దగ్గర కొన్ని కారణాలు ప్రత్యేకం.

చాలా షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు ఉంటుంది, ఆ మనిషి ఉండడు. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంకో ఉద్యోగం చేసుకుంటుంటాడు. కౌంటర్ దగ్గర నిలబడేది డబ్బాలు ఎక్కడున్నాయో తెలిసిన కుర్రాడు. అతణ్ని తప్పు పట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. మందు ఇవ్వడంతోపాటు దాని గురించి రోగికి వివరించడమూ ఫార్మసిస్టు బాధ్యతే అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. మనిషే లేనిచోట ఆ బాధ్యత ఎవరిది? ఈ అద్దె వ్యవహారాన్ని ఆపకుండా ఫారాలు ఎన్ని అచ్చు వేసినా లాభం లేదు.

ఉన్న ఫార్మసిస్టుకు భయాలున్నాయి. రాస్తే డాక్టరుకు కోపం వస్తుందేమో, ఆయన చీటీలు పక్క షాపుకు పోతాయేమో. కంపెనీ కేసు పెడుతుందేమో. నేనే తప్పుమందు ఇచ్చానంటారేమో. ఫారం మీద పైనే ‘అనుమానిత’ అని ఉంటుంది. అందులో రాసినంత మాత్రాన డాక్టరుదో, ఫార్మసిస్టుదో, కంపెనీదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని, రాసినవాళ్ల మీద చట్టపరమైన బాధ్యత ఉండదని, వివరాలు గోప్యంగా ఉంటాయని ఆ ఫారమే చెబుతుంది. రుజువు తేవాల్సిన పని రాసేవాళ్లది కాదు. తెలిసిన దుష్ప్రభావమైనా, చిన్నదైనా రాయవచ్చు. అయినా నేను కలిసిన ఫార్మసిస్టుల్లో ఈ సంగతి విన్నవాళ్లు తక్కువ.

ఇంకో నిరుత్సాహం ఉంది. రాసిన కాగితానికి ఏమైందో తెలియదు. రాసిన ఆ అమ్మాయికి, ఆమె పంపింది అందిందని, దాన్ని చూశారని రెండు మాటల్లో జవాబు రావాలని నా కోరిక. ఉత్తరం రాసినవాళ్లకు జవాబు వస్తేనే ఇంకో ఉత్తరం రాస్తారు.

కత్తెర సంగతి కూడా చెప్పాలి. పది బిళ్ళల స్ట్రిప్పులో మూడు కత్తిరించి ఇస్తే పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చాలాసార్లు షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. హాని జరిగాక “తెల్లగా, గుండ్రంగా ఉంది” అన్నదే సాక్ష్యం. కొనేవాళ్ల దగ్గర డబ్బుల్లేకే మూడు అడుగుతారు, అది నిజం. కనీసం బిల్లు మీద పేరు, బ్యాచ్ రాసి ఇవ్వవచ్చు. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ముక్క కత్తిరించి చేతిలో పెట్టినప్పుడు ఆ కోడ్ మనింటికి రాదు.

ఇప్పుడు మందులు ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందు సంచిలో దిగుతున్నాయి. సౌకర్యమే. కానీ “పడలేదు” అని ఆ సంచికి చెప్పలేం.

మీ చేతిలో ఉన్నవి

ఫార్మసిస్టు రాయకపోతే మీరే రాయవచ్చు. రోగులు నింపడానికి వేరే సులువైన ఫారం ఉంది, అది తెలుగులోనూ దొరుకుతుంది. ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. రాయడం కుదరకపోతే పనిదినాల్లో 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మందు స్ట్రిప్పు, బిల్లు దగ్గర పెట్టుకోండి. ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు మొదలైంది, మానేశాక తగ్గిందా అన్నది గుర్తుంటే చాలు. పసరు, చూర్ణం, లేహ్యం లాంటివి వాడుతుంటే అవీ దాచకుండా చెప్పండి. ఆయుర్వేద మందులకూ విడిగా నిఘా కార్యక్రమం ఉంది.

ఒక జాగ్రత్త. ఇది చదివి మీ మందు మీరే ఆపేయకండి. మూర్ఛ, గుండె, బీపీ మందులు, స్టిరాయిడ్లు చటుక్కున ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరును అడిగి మార్చుకోండి. మందు వేసుకున్నాక ముఖం, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒంటి మీద పొక్కులతోపాటు నోరు, కళ్లు పుండ్లయినా ఫారం సంగతి తరవాత, ముందు ఆసుపత్రికి పరిగెత్తండి.

నాన్న చొక్కా జేబులో ఇప్పుడు బస్సు పాసు పక్కన మడతపెట్టిన చిన్న కాగితం ఉంటుంది. ఆ అమ్మాయి రాసిచ్చింది. టినిడజోల్, మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ అని మూడు పేర్లు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మొన్న వేసవిలో మేనత్త మనవడి పెళ్లికి పక్క జిల్లాకు వెళ్లాం. మామూలుగానే మర్నాటికి నాన్న కడుపు పాడైంది. బస్టాండు పక్క షాపులో కుర్రాడు మాట పూర్తికాకముందే స్ట్రిప్పు తీసి రెండు బిళ్ళలు కత్తిరించేశాడు. నాన్న జేబులోంచి కాగితం తీసి కౌంటర్ మీద పరిచాడు. కుర్రాడు దాన్ని చదివి, స్ట్రిప్పు తిప్పి చూసి, మళ్లీ కాగితం చదివాడు. కత్తిరించిన ముక్కను పక్కకు నెట్టి ఓఆర్‌ఎస్ పొట్లాలు తీశాడు.

“ఇది ఎవరు రాసిచ్చారు తాతగారూ?” అని అడిగాడు.